ఈ వారం వెండితెర కాదు... తెరచాప!

ముందే చెప్పేస్తున్నాను. ఈ వారం ఈ పేజీలో తారలెవరూ లేరు. లాస్ ఏంజెలిస్ దాకా వెళ్ళొచ్చినవాడు హాలీవుడ్ కబుర్లు మానేసి పడవ కబుర్లు చెబుతాడేమిటని మీరు విసుక్కుంటారని తెలుసు. ఎడిటరుగారు మీకంటే ముందే విసుక్కున్నారు. స్టూడియో చూశాను. పేవ్‌మెంటు మీద తారల పేర్లున్న నక్షత్రాల పక్కన ఫోటో దిగాను. అలాంటి ఫోటోలు మీ బంధువుల ఫోన్లలోనూ వుంటాయి. కానీ అక్కడ నేను చూసిన అసలు క్లైమాక్స్ ఏ స్టూడియోలోనూ జరగలేదు. 2025 జూన్‌లో, మెరీనా డెల్ రే అనే పడవల రేవులో, ఓ శనివారం సాయంత్రం నాలుగు దాటాక జరిగింది. హీరోయిన్ వయసు 67. మా పిన్ని!

అసలు మన సినిమాల్లో పడవంటే ఏమిటి చెప్పండి? పాట! హీరో పడవెక్కగానే చేతులు చాపుతాడు. హీరోయిన్ పైట గాలికి ఎగురుతుంది. కెమెరా చుట్టూ తిరుగుతుంది. పల్లవి, రెండు చరణాలు అయ్యేలోగా ఆ పడవని నడిపేవాడెవడు? రేవులో తాడు విప్పిందెవరు, తిరిగి కట్టిందెవరు? ఈ ప్రశ్న నాకూ ఎప్పుడూ రాలేదు. మీకూ వచ్చి వుండదు.

పోనీ మన సినిమాకి పడవలు కొత్తా అంటే కాదు. 1964లో ‘మూగమనసులు’లో అక్కినేని పడవవాడు గోపీగా గోదావరి దాటించారు. 1973లో బాపుగారి ‘అందాల రాముడు’ గోదారి మీద ప్రయాణమే. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ మళ్ళీ అదే దారి పట్టింది. నది కాస్త మాట వింటుంది. సముద్రం వినదు. 1975లో వచ్చిన ‘జాస్’ని 55 రోజుల్లో తీసేద్దామని సముద్రం మీదకి వెళితే 159 రోజులు పట్టింది. అలాంటి భయంతోనే కాబోలు, పెద్ద సినిమాలవాళ్ళు సముద్రం పక్కనే నీళ్ళతొట్లు కట్టుకుంటుంటారు. 1997 నాటి ‘టైటానిక్’ ఓడని మెక్సికో తీరంలో అలా కట్టిన తొట్టిలోనే ముంచారు.

మా పిన్నీ బాబాయిలకి తొట్టి లేదు. రీటేకులూ లేవు.

పడవల పేట

మెరీనా అనగానే మనకి మద్రాసు మెరీనా బీచి గుర్తుకొస్తుంది. అక్కడ ఇసుక, సుండలు. ఇది వేరు. ఇక్కడ మెరీనా అంటే సొంత పడవలు కట్టుకునే రేవు. మన వూళ్ళలో అపార్టుమెంటు కింద కారు నిలుపుకునే చోటుకి గీతలు గీసినట్టు, నీళ్ళ మీద తేలే చెక్క దారుల మధ్య ఒక్కో పడవకి ఒక్కో అర. ఆ అరని స్లిప్ అంటారు. దానికి నెలనెలా అద్దె.

మెరీనా డెల్ రే ఒకప్పుడు బురద నేల, బాతుల వేటకి వెళ్ళే చోటు. దాన్ని తవ్వి 1965 ఏప్రిల్లో రేవుగా ప్రారంభించారు. అంతకుముందు 1962-63 చలికాలంలో తుపాను అలలు నేరుగా లోపలికొచ్చి కొత్త కట్టడాల్ని దెబ్బ తీస్తే, రేవు నోటికి ఎదురుగా సముద్రంలోనే ఒక రాతిగోడ కట్టారు. మనుషులు తవ్విన చిన్న పడవల రేవుల్లో ఇది ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. ఎనిమిది పాయలు, నాలుగువేల పైచిలుకు పడవలు.

పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళాం. ఆకాశమంతా బూడిదరంగు మబ్బు. జూన్‌లో ఈ తీరానికి అది మామూలేనట, మధ్యాహ్నానికి గాని తొలగదు. గాలికి తాళ్ళు తెరచాప కొయ్యలకి తగిలి టింగు టింగుమంటున్నాయి. వేల గుళ్ళలో చిన్న గంటలు ఎవరో ఒకేసారి కదిపినట్టు! కాఫీ వాసన, డీజిలు వాసన కలిసి వస్తున్నాయి. ఒకాయన పడవని గొట్టంతో కడుగుతున్నాడు. ఒకావిడ డెక్కు మీద మొక్కలకి నీళ్ళు పోస్తోంది. ఇద్దరు నీటి సింహాలు... క్షమించండి, రెండు నీటి సింహాలు, పరాయి డాకు మీద ఇల్లరికపు అల్లుళ్ళలా వెల్లకిలా పడుకుని వున్నాయి.

“ఇక్కడి పడవల్లో సగం ఎప్పుడూ కదలవురా” అన్నాడు బాబాయి. “కొంటారు, కడుగుతారు, మీద కూర్చుని కాఫీ తాగుతారు, సాయంత్రం ఇంటికెళతారు.”

బాబాయి మాత్రం అలాంటివాడు కాదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి 1981లో అమెరికా వెళ్ళాడు. చిన్నప్పుడు వుప్పుటేరు ఒడ్డున కూర్చుని చాప ఎత్తిన నావల్ని చూసేవాడట. 1996లో ఓ పాత పడవ కొన్నాడు. కాటలీనా 30 అనే రకం, 1984లో తయారైంది. పొడవు 30 అడుగులు, వెడల్పు దాదాపు 11. లోపల ఓ చిన్న వంటగట్టు, నలుగురైదుగురు పడుకునే చోటు, ఓ బుల్లి బాత్‌రూము, చిన్న డీజిలు ఇంజను. వెనక తెలుగులో ‘గోదారి’ అని రాయించాడు. చుట్టుపక్కలవాళ్ళు ఆ అక్షరాల్ని చూసి “ఎంత గుండ్రంగా వున్నాయో!” అంటారు గాని ఒక్కడూ చదవలేడు.

పందెం

ఇక అసలు కథ. 2024 డిసెంబరులో బాబాయికి గుండెలో రెండు స్టెంట్లు వేశారు. వయసు 72. పిల్లలిద్దరూ ఫోన్లో ఒక్కటే మాట: “పడవ అమ్మేయండి నాన్నా.” డాక్టరు మెల్లిగా తిరగొచ్చన్నాడు, బరువులు వద్దన్నాడు. పడవ సంగతి ఆయన్ని అడగలేదు. అడిగితే ఏమంటాడోనని బాబాయి భయం.

పిన్ని పిల్లల పక్షం చేరుతుందనుకున్నారందరూ. ఎందుకంటే ఇరవైతొమ్మిదేళ్ళలో ఆవిడ చుక్కాని ముట్టుకోలేదు. పడవలో ఆవిడ పాత్ర ఏమిటంటారా? పులిహోర, ఫ్లాస్కులో కాఫీ, “ఏవండీ, జాగ్రత్త!” అనే డైలాగు. అంతే. మన సినిమాల్లో హీరో తల్లి పాత్ర లాంటిది.

కానీ పిన్ని అందర్నీ ఆశ్చర్యపరిచింది. “అమ్మడమో వుంచడమో నేను చెబుతాను. ఆర్నెల్లు ఆగండి” అంది. ఆ రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి ఇంజనున్న పడవ నడిపేవాళ్ళు ఏ వయసువాళ్ళయినా సరే పరీక్ష రాసి కార్డు తీసుకోవాలి. పిన్ని రాసింది. మొదటిసారే పాసయింది. బాబాయి కూడా రాశాడు. ఆయన మార్కులు అడక్కండి. తర్వాత మంగళవారాలు “గుడికి” అని వెళ్ళేది. గుడిలో అంతసేపేమిటని బాబాయి అనుకునేవాడు. సంగతేమిటంటే ఆవిడ వెళుతున్నది పడవ నడపడం నేర్పే బడికి!

నేను వెళ్ళిన శనివారం ఆవిడ పరీక్ష. షరతులు ఆవిడవే. పొద్దున స్లిప్పులోంచి తీసిన దగ్గర్నుంచి సాయంత్రం మళ్ళీ స్లిప్పులో కట్టేదాకా చుక్కాని పిన్ని చేతిలోనే వుండాలి. బాబాయి చక్రం ముట్టుకోకూడదు, సలహా ఇవ్వకూడదు. పడవని క్షేమంగా తెచ్చి కడితే ‘గోదారి’ వుంటుంది. లేదంటే సోమవారం అమ్మకానికి బోర్డు. నేను సాక్షిని.

“నోరు మూసుకుని వుండటం కూడా నీ బాబాయికి పరీక్షేరా” అంది పిన్ని.

అరటిపళ్ళ గొడవ

బయల్దేరబోతుంటే పక్క పడవ పెద్దాయన వచ్చాడు. పడవలోనే కాపురం, తోడు ఓ పిల్లి. మా సంచిలో అరటిపళ్ళు చూసి గతుక్కుమన్నాడు. పడవలోకి అరటిపళ్ళు తెస్తే కీడని అక్కడి పడవవాళ్ళ పాత నమ్మకం! వద్దని చేతులూపాడు.

పిన్ని నవ్వి, సత్యనారాయణ వ్రతకథ మొదలుపెట్టింది. వర్తకుడి పడవ రేవుకొచ్చిందనగానే కూతురు కళావతి ప్రసాదం తినకుండా పరుగెత్తింది, పడవ కాస్తా మునిగిపోయింది, ప్రసాదం తినొచ్చాక తేలింది అని ఇంగ్లీషులో చెప్పేసింది. “కాబట్టి మా పద్ధతిలో అరటిపండు తినకపోతేనే ప్రమాదం” అని ఓ పండు ఆయన చేతిలో పెట్టింది. పెద్దాయన కాసేపు ఆలోచించి తొక్క వొలుచుకున్నాడు. పిల్లి వాసన చూసి వెళ్ళిపోయింది.

మా ముగ్గురికీ లైఫ్ జాకెట్లు. బాబాయి “రేవు దాటాక వేసుకుంటాలే” అన్నాడు. పిన్ని ఇంజను ఆపేసి చేతులు కట్టుకుని నిలబడింది. బాబాయి వేసుకున్నాడు. ఇంజను మళ్ళీ మొదలైంది. ఆ రోజు జరిగిన సంభాషణల్లో కెల్లా ఇదే పొడుగైంది.

ఒడ్డుకి దూరంగా, ఒడ్డు వెంట

రాతిగోడ దాటగానే పడవ కింద సముద్రం లేచింది. నా కడుపులో పెసరట్టు కూడా లేచింది. ఎడమవైపు విమానాలు ఒకదాని వెనకొకటి మా తలల మీదకేమోనన్నట్టు సముద్రం మీదకి ఎగురుతున్నాయి. పిన్ని చక్రాన్ని కుడికి తిప్పి, తీరం వెంట వుత్తర పడమరగా పట్టింది. పోవలసింది మాలిబు. సుమారు 12 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు. గంటకి ఆరు నాటికల్ మైళ్ళు మా వేగం. అంటే సైకిలు మీద తీరిగ్గా తొక్కుకుంటూ పోయినట్టన్నమాట. పొద్దుటి పూట గాలి లేదు గనక ఇంజనే దిక్కు.

సముద్రంలోంచి చూస్తే హాలీవుడ్ తీరం ఓ సెట్టింగులాగే వుంటుంది. ముందు శాంటా మోనికా వంతెన, దాని మీద జెయింట్ వీలు. 1909 నాటి వంతెన అది. 1973లో వచ్చిన ‘ది స్టింగ్’ సినిమాలో రంగులరాట్నం అక్కడిదే. ఇంకా ముందుకెళితే కొండలు నీళ్ళదాకా దిగి వస్తాయి. ఇంకా పైకి, మాలిబు దాటాక వుండే పాయింట్ డ్యూమ్ దగ్గరే 1968 నాటి ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చివరి సీను, ఇసుకలో కూరుకుపోయిన స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని హీరో చూసే సీను, తీశారు. నేను ఇవన్నీ గడగడా చెబుతూ పోయాను. సినిమా విలేఖరిని కదా, నాకూ ఓ పాత్ర కావాలి!

ఉన్నట్టుండి మాటలాగిపోయాయి. ఒడ్డున వరసగా వుండాల్సిన ఇళ్ళు లేవు. అక్కడక్కడ ఓ పొగగొట్టం, ఓ మెట్లవరస, కాలిన కాంక్రీటు స్తంభాలు. 2025 జనవరి 7న అంటుకున్న పాలిసేడ్స్ మంటలు కొండల మీంచి సముద్రపొడ్డుదాకా వచ్చి ఆగాయి. ఒకప్పటి మహానటుడు విల్ రోజర్స్ కొయ్య ఇల్లు, మ్యూజియంలా కాపాడుకొస్తున్నది, ఆ మంటల్లోనే పోయింది. తారల ఇళ్ళూ పోయాయి, తారల ఇళ్ళలో పనిచేసేవాళ్ళ ఇళ్ళూ పోయాయి.

“ఆ రాత్రి రేవులోంచి చూశాం” అన్నాడు బాబాయి. “కొండంతా ఎర్రగా. అప్పటికి నాకు స్టెంట్లు వేసి నెల కూడా కాలేదు. మీ పిన్ని ఒక్కటే మాటంది. నీళ్ళ మీదకి పోదామంటే నాకు చేతకాదే, అని.”

పిన్ని వినపడనట్టు దిక్సూచి చూస్తోంది.

నిద్రపోయిన సరంగు

పదిన్నరకి మాలిబు వంతెన దగ్గర, ఒడ్డుకి దూరంగా లంగరు వేశాం. లంగరు వేయడమంటే గొలుసు పడేసి వూరుకోవడం కాదుట. నీళ్ళ లోతెంతో చూసి, దానికి ఐదారు రెట్లు తాడూ గొలుసూ వదలాలి. వెనక్కి మెల్లిగా ఇంజను నడిపి లంగరు నేలని కరిచిందో లేదో పరీక్షించాలి. తర్వాత ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుని, అవి ఒకదాని నుంచి ఒకటి జరుగుతున్నాయేమో చూస్తూ వుండాలి. పిన్ని గుర్తులు ఓ తాటిచెట్టు, ఓ పచ్చ తలుపు.

పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. నీళ్ళ మీద ఆకలి ఎక్కువ. తిన్నాక బాబాయి టోపీ మొహాన వేసుకుని గురక పెట్టాడు. మబ్బు తొలిగింది. దక్షిణాన దూరంగా, లీలగా, కాటలీనా దీవి కనపడింది. దాని పేరే బాబాయి పడవకీ వచ్చింది. నాకు తెలిసింది చెప్పాను. ఆ దీవిలో అడవిదున్నలున్నాయి. 1924లో సినిమా షూటింగు కోసం తెచ్చిన 14 దున్నల సంతానమని చెప్పుకుంటారు. నవ్వుతుందనుకున్నాను.

“దున్నల సంగతి సరే. నటాలీ వుడ్ సంగతి తెలుసా?” అంది పిన్ని.

తెలియకేం! ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ నాయిక. 1981 నవంబరులో భర్త, సహనటుడు, పడవ నడిపేవాడు వుండగా, ఆ దీవి పక్కన లంగరు వేసిన పడవలోంచి రాత్రిపూట నీళ్ళలో పడి చనిపోయింది. వయసు 43. లోతునీళ్ళంటే ఆమెకి భయమని అందరూ చెప్పుకునేవారు. ఎలా పడిందో తేలలేదు. 2012లో అధికారులు మరణకారణాన్ని ‘మునిగిపోవడం, తేలని ఇతర కారణాలు’ అని మార్చి రాశారు. అప్పటికి ఇంకా పూర్తికాని ఆమె చివరి సినిమా ‘బ్రెయిన్‌స్టార్మ్’ 1983లో గాని రిలీజు కాలేదు.

“నేనొచ్చిన కొత్తలో టీవీలో ఎప్పుడూ ఆవిడ కథే. నాకంతకుముందే నీళ్ళంటే భయం” అంది పిన్ని. “పదేళ్ళప్పుడు రాజమండ్రిలో ‘మూగమనసులు’ మళ్ళీ ఆడితే మా అమ్మ తీసుకెళ్ళింది. చివర్లో సుడిగుండం లేదూ? అక్కినేనీ సావిత్రీ పడవతో సహా పోతారు. మర్నాడు కొవ్వూరు వెళ్ళాలి, మా అత్తయ్యగారింటికి. అప్పటికి రోడ్డు వంతెన లేదు, లాంచీలో దాటాలి. నేను రేవులో కూర్చుని ఏడ్చాను. నాన్న ఎత్తుకుని లాంచీ ఎక్కించాడు. మొన్న 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు టీవీ ముందు నించి లేవలేదు. మా గోదారేగా!”

“మరి ఇన్నేళ్ళు ఈ పడవ ఎందుకెక్కావ్ పిన్నీ?”

“ఆయన నడుపుతున్నాడు కదాని.” కాసేపాగింది. “డిసెంబర్లో ఆస్పత్రిలో కూర్చున్నప్పుడు అదే ఆలోచించాను. ఇదే నొప్పి సముద్రం మధ్యలో వచ్చివుంటే? రేడియో ఎలా మాట్లాడాలో తెలీదు. ఇంజను ఎలా ఆపాలో తెలీదు. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని అరుస్తూ కూర్చునేదాన్ని. అరిచినా వినేదెవరు? చేపలా?”

రేడియో పక్కన ఆవిడ తన చేత్తో తెలుగులో రాసి అంటించిన కాగితం చూపించింది. పదహారో ఛానల్. మూడుసార్లు ‘మేడే’. పడవ పేరు. ఎక్కడున్నాం. ఏమైంది. ఎందరున్నాం. ఖంగారులో ఇంగ్లీషు చదవబుద్ధి కాదని తెలుగులో రాసుకుందట.

“పడవ మీద ప్రేమతో నేర్చుకోలేదురా నేను. అది మీ బాబాయికి చెప్పకు” అంది.

గురక ఆగింది. విన్నాడేమో నాకు తెలియదు. టోపీ మాత్రం మొహం మీంచి తీయలేదు.

టోపీకి పదకొండు నిమిషాలు

ఒంటిగంటన్నరకి లంగరు తీశాం. అప్పటికి పడమటి గాలి లేచింది. మధ్యాహ్నం ఈ తీరంలో గాలి అటు నుంచే వీస్తుంది, అంటే ఇంటిదారిలో వెనక నుంచి తోస్తుంది. పిన్ని ఇంజను ఆపి ముందు తెరచాప విప్పించింది. టపామని నిండింది. ఆ నిశ్శబ్దం వుంది చూశారూ... ఏ థియేటర్లోనూ వినలేదు నేను. నీళ్ళు పక్కలకి రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పది నిమిషాలు డాల్ఫిన్లు మాతోబాటే వచ్చాయి. సరిగ్గా పాట పెట్టాల్సిన చోటు. బాబాయి కూడా ఓ పాత పాట అందుకోబోయాడు. అంతలో గాలి ఆయన టోపీ ఎగరేసుకుపోయింది!

“పోనీలే, పది డాలర్ల టోపీ” అన్నాడాయన.

“టోపీ కాదు. మీరు పడ్డారు” అంది పిన్ని. గొంతు మారిపోయింది. “ఒరేయ్, వేలు చూపించు దానికేసి. కళ్ళు తిప్పావంటే చంపేస్తాను!”

వేలు చూపించాను. అప్పుడర్థమైంది ఎందుకో. అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనపడదు. కన్ను తిప్పి మళ్ళీ చూస్తే ఎక్కడుందో తెలియదు. పిన్ని ఇంజను మొదలెట్టింది. తాడు లాగి తెరచాపని చుట్టేసింది. ఒంటిచేత్తో లాగడం కష్టమై రెండుసార్లు ఆగింది. బాబాయి చెయ్యి తాడు మీదకి పోయింది. “మీరు నీళ్ళలో వున్నారు. కూర్చోండి!” కూర్చున్నాడు. పడవ తిప్పి గాలికి ఎదురుగా టోపీ దగ్గరికొచ్చింది. వేగం ఎక్కువైంది, టోపీ పక్కనుంచి జారిపోయింది. మళ్ళీ తిరిగింది. ఈసారి ఆగినట్టు వచ్చింది. కొక్కెం కర్రతో నేను తీశాను.

బాబాయి గడియారం చూసుకున్నాడు. “పదకొండు నిమిషాలు” అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. జూన్‌లో కూడా ఆ నీళ్ళు చల్లగానే వుంటాయి. 72 ఏళ్ళ మనిషి, రెండు స్టెంట్లు, పదకొండు నిమిషాలు.

పిన్ని టోపీ పిండి ఆయన ఒళ్ళో పడేసింది. తర్వాత పడవ పక్కన వేలాడే రబ్బరు ఫెండర్ ఒకటి విప్పి తనే నీళ్ళలోకి విసిరేసింది. “మళ్ళీ” అంది. రెండోసారి ఏడు నిమిషాలు. మూడోసారి నాలుగున్నర. మూడోసారి అయ్యాక ఆవిడ చేతులు వణకడం చూశాను. బాబాయి కూడా చూశాడు. పాట ఇక ఎత్తుకోలేదు. లేచి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చాడు. ఇరవైతొమ్మిదేళ్ళలో పడవలో ఆయన కాఫీ కలపడం అదే మొదలని తర్వాత తెలిసింది.

క్లైమాక్స్

నాలుగింటికి రాతిగోడ దాటి రేవులోకొచ్చాం. ఇప్పుడసలు సంగతి. సముద్రం మీద పడవ నడపడం తేలిక, స్లిప్పులో పెట్టడం కష్టం. పడవకి బ్రేకులుండవు. మెల్లిగా వెళితే చుక్కాని పనిచేయదు, గాలి పక్కకి తోసేస్తుంది. జోరుగా వెళితే ఎదురుగా డాకు. రెండు పక్కలా పరాయివాళ్ళ పడవలు, ఒక్కోటి మన ఇల్లంత ఖరీదు.

బాబాయి పద్ధతి ఇన్నాళ్ళూ ఏమిటంటే, పడవ డాకు దగ్గరికి రాగానే తాడు పట్టుకుని ఎగిరి దూకి, బలంకొద్దీ లాగి కట్టేయడం. హీరో ఎంట్రీ అన్నమాట. మనకి చూడ్డానికి బావుంటుంది. రెండు స్టెంట్లున్న మనిషికి బావుండదు. అదీగాక అన్నేళ్ళూ పిన్ని తెలుసుకున్నది ఒక్కటే: దూకే మనిషి లేకపోతే ఈ పడవ ఒడ్డు చేరదు.

మొదటిసారి ముక్కు స్లిప్పులోకి తిరగ్గానే గాలి విసురు కొట్టింది. ముక్కు పక్క పడవకేసి పోతోంది. నా చేతిలో ఫెండరు, నా నోట్లో ఆంజనేయ దండకం. బాబాయి నోరు తెరిచి మూశాడు. పిన్ని గేరు వెనక్కి వేసి మొత్తం బయటికి లాగేసింది. పాయలో ఓ చుట్టు తిరిగింది. అక్కడి జనం డెక్కుల మీదకొచ్చి చూస్తున్నారు. పిల్లి పెద్దాయన తాడు అందుకుంటానని డాకు మీదకొచ్చి చెయ్యి చాపాడు.

“థాంక్యూ. వద్దు” అంది పిన్ని. తర్వాత తెలుగులో, మాకోసం: “ఆయన ఇంట్లో లేని రోజో?”

రెండోసారి. ఈసారి ఇంకాస్త పైగాలి వైపునుంచి వచ్చింది. డాకు అడుగు దూరంలో వుండగా, పడవ నడుముకి కట్టిన తాడు మడతని, పడవలోంచి దిగకుండానే, డాకు మీది ఇనప కొమ్ముకి తగిలించింది. అందరూ చేసేటట్టు లాగలేదు. ఇంజనుని మెల్లిగా ముందుకి నడవనిచ్చి, చక్రాన్ని డాకు నుంచి అవతలికి తిప్పింది. తాడు బిగిసింది. పడవ ముందుకి పోలేక, తనంతట తనే, బుద్ధిగా డాకుని ఆనుకుని నిలబడిపోయింది. లాగేవాడు లేడు, దూకేవాడు లేడు. పిన్ని తీరిగ్గా దిగి ముందు తాడూ వెనక తాడూ కట్టి, ఎక్కి ఇంజను ఆపింది.

బాబాయి ఆ నడుము తాడుకేసి అలాగే చూస్తూండిపోయాడు. ఇంజనీరు! ఇరవైతొమ్మిదేళ్ళు ఎగిరి దూకినవాడు!

“ఇదెక్కడ నేర్చుకున్నావ్?”

“గుడిలో” అంది పిన్ని.

అంతా సినిమాలా అయిందనుకోకండి. కొస డాకుకి రాసుకుని తెల్లరంగు మీద జానెడు గీత పడింది. కొత్తగా రంగు వేయించి ఏడాది కాలేదు. బాబాయి బొటనవేలితో ఆ గీతని రుద్దాడు. పోలేదు. ఏమీ అనలేదు. పిన్ని మాత్రం మెట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. ఎందుకని మేమడగలేదు, ఆవిడా చెప్పలేదు.

సోమవారం బోర్డు పెట్టలేదు. పిల్లలకి ఫోన్లో పిన్నే చెప్పింది. షరతులు రెండు. జాకెట్టు లేకుండా ఆయన డాకు మీద కూడా అడుగుపెట్టకూడదు. ఒంటరిగా రాతిగోడ దాటకూడదు. “మరి నువ్వు ఒంటరిగా దాటొచ్చా?” అని బాబాయి ఉక్రోషంగా అడిగాడు. “నాకు స్టెంట్లు లేవు” అంది పిన్ని. మర్నాడు పొద్దున ఇద్దరూ డాకు మీద నిలబడి ఆ నడుము తాడు విద్య సాధన చేస్తూ కనపడ్డారు. ఈసారి టీచరు పిన్ని.

పడవ నడిపేవాళ్ళలో ఒకరికే అన్నీ తెలిసి, రెండోవారికి ఏమీ తెలియకపోతే అది ప్రేమ అనిపించుకోదని నాకారోజు తోచింది. పాటలో హీరో హీరోయిన్లు ఒకర్నొకరు చూసుకుంటూ వుంటారు. నిజం పడవలో ఇద్దరిలో ఒకరన్నా నీళ్ళకేసి చూస్తూ వుండాలి.

మీలో కొత్తగా పెళ్ళయినవాళ్ళు, కాబోతున్నవాళ్ళు చాలామంది వుంటారు. పాపికొండలకో, విశాఖకో వెళతారు, బోటెక్కుతారు. ఫోటో దిగండి, తప్పులేదు. దానికి ముందు జాకెట్టు కట్టుకుని బకిల్స్ బిగించుకోండి. పాట తర్వాత!

వచ్చేవారం తప్పకుండా తారలొస్తారు. ఎడిటరుగారికి మాటిచ్చాను.